చిన్న జేజి కాలికి తగిలిన గూడు

మా జేజి కంటికి వచ్చినది లింఫోమా అని ఇప్పుడు ఒక్క మాటలో రాసేస్తున్నాను గానీ, ఆ మాట మా ఇంటి గడప దాకా రావడానికి ఏడు నెలలు పట్టింది. అందాకా దానికి మా ఊళ్ళో ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టారు. కంటికురుపు అన్నారు, వేడి అన్నారు, దిష్టి అన్నారు, జొన్నకంకి నూగు పడిందన్నారు. నేను ట్రకోమా అన్నాను. అందరిలోకీ గట్టిగా అన్నదాన్ని నేనే. ఆలూరుకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న మా ఊళ్ళో టీచరు ట్రైనింగు పాసై బడిలో పాఠాలు చెప్పే ఆడపిల్లను నేనొక్కదాన్నే. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. తెలియదు అనే మాట నోటికింకా అలవాటు కాలేదు.

జేజి అంటే మా నాయనను కన్నతల్లి. అరవై దాటిన మనిషి, సన్నగా గట్టిగా ఉండేది. మాది మూడు తరాలుగా మిషను గుడికి పోయే కుటుంబం. ఆదివారం ఆరాధనలో జేజిది ముందు వరుస. అయితే గుడి ఆదివారానికి, మిగతా ఆరు రోజులకు ఆమెకు వేరే ఏర్పాట్లుండేవి. దిష్టి తీసేది. పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరేది. ఇదేమిటని గుడిలో ప్రసంగం చెప్పే ఐగారు ఒకసారి అడిగితే, ఇంత చిన్న పనులకు కూడా ప్రభువును పిలిచి ఇబ్బంది పెట్టడం తనకు ఇష్టం లేదని చెప్పింది. 

మా ఇంటిని ఆనుకుని, గోడ అవతల చిన్న జేజి ఉండేది. మా తాత తమ్ముడి భార్య, అంటే జేజికి తోడికోడలు. భర్త పోయాడు, పిల్లల్లేరు, ఒక్కతే ఉండేది. ఇల్లు పంచుకున్నప్పుడు నేలలో పాతిన రోలు ఎవరి వైపు రావాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. చివరికి గోడ పెట్టినవాడు విసుగెత్తి సరిగ్గా రోలు నడుము మీదుగా గోడ లేపి పోయాడు. అటు సగం, ఇటు సగం. ఎవరికీ దంచుకోవడానికి వీల్లేదు. ఆనాటి నుంచి ఎనిమిదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. మాటల్లేవంటే నోళ్ళు ఊరుకున్నాయని కాదు. జేజి చెప్పదలచుకున్నది మా బర్రెకు చెప్పేది. చిన్న జేజి తన కోడిపెట్టకు జవాబు చెప్పేది. గోడ రొమ్ము ఎత్తే కాబట్టి అన్నీ చక్కగా వినపడేవి. మా బర్రె తిన్నన్ని తిట్లు ఆ చుట్టుపక్కల ఏ పశువూ తిని ఉండదు.

శనక్కాయలు పీకే రోజుల్లో జేజి కుడి కన్ను కింద కొంచెం ఉబ్బు కనపడింది. నొప్పి లేదు, దురద లేదు, పుసి లేదు. నేను కింది రెప్ప లాగి చూశాను. లోపల ఎర్రజామకాయ కండలాగా లేత గులాబి రంగులో మెత్తటి పొర ఒకటి పరుచుకుని ఉంది. ట్రైనింగులో మాకు ఆరోగ్యశాస్త్రం అని ఒక పుస్తకం ఉండేది. అందులో కండ్లకు మూడు పేజీలు. ఆ మూడు పేజీల్లో ఉన్న జబ్బుల్లోనే ఏదో ఒకటి కావాలి గదా అని, రెప్పల లోపల పొక్కులు లేచే ట్రకోమాను ఖాయం చేశాను. రోజూ పొద్దున బోరిక్ పౌడరు కలిపిన గోరువెచ్చని నీళ్ళతో కన్ను కడిగాను. రెండు నెలలు కడిగాను. నొప్పి లేదు కదా, తగ్గుతున్నట్టే అని అందరికీ చెప్పాను. నొప్పి మొదటి నుంచీ లేదన్న సంగతి నాకు తట్టలేదు. ఆ రెండు నెలలు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

సంక్రాంతి దాటేసరికి పై రెప్ప కూడా బరువెక్కి సగానికి వాలింది. కనుగుడ్డు ముందుకీ, కొంచెం ముక్కు వైపుకీ జరిగింది. సగం మూసిన ఆ కంటితో ముందు వరుసలో కూర్చుంటే, జేజి ఒక పక్క నిద్రపోతూ ఇంకో పక్క ప్రసంగం వింటున్నదని ఐగారు అనుకున్నారట. ఆలూరు సంతలో దువ్వెనలమ్మే ముసలాయన తనకు కన్ను కొట్టిందని పొరపాటు పడి, ఒక దువ్వెన ఊరికే ఇచ్చాడు. జేజి పుచ్చుకుంది.

తర్వాత అన్నీ రెండు కనపడటం మొదలైంది. కన్ను పక్కకు జరిగితే రెండు కండ్లూ ఒకచోట చూడలేవని మా పుస్తకంలో లేదు. ఒక కన్ను మూసుకుంటే ఒకటే కనపడుతుందని మాత్రం నేనే కనిపెట్టి, గర్వంగా జేజికి చెప్పాను. ఆరు కోళ్ళు పన్నెండు కనపడుతుంటే ఏంటికి పోగొట్టుకోవాలని ఆమె అడిగింది. ఆమెకు బాధ కలిగించింది ఒక్కటే. ఒక పొద్దున బర్రె కుడితి తొట్టి దగ్గర నిలబడి దానితో చెప్పుకుంది, ఒకతెతోనే వేగలేక చస్తాంటే గోడ అవతల ఇప్పుడు ఇద్దరు తిరుగుతాండారని. అవతల కోడిపెట్టకు ఏ జవాబూ రాలేదు. ఆ సంగతి నాకు వింతగా తోచింది గానీ పట్టించుకోలేదు.

బోరిక్ పౌడరు మీద నమ్మకం పోయాక జేజి తన పద్ధతికి దిగింది. మా వైపు కంటికురుపుకు ఒక మార్గం ఉంది. జబ్బు కంటి రెప్ప వెంట్రుక ఒకటి పీకాలి. తెల్లవారగానే ఎవరితో మాట్లాడకుండా నడిచే దోవలోకి పోయి, రెండు రాళ్ళు నిలబెట్టి, నడుమ ఆ వెంట్రుక ఉంచి, పైన ఇంకో రాయి కప్పాలి. దాన్ని గూడు అంటారు. ఎవరి కాలు తగిలి ఆ గూడు పడిపోతే కురుపు వాళ్ళకు పోతుంది, మనకు నయమవుతుంది. చదువుకున్న పిల్ల ఇంట్లో ఉండగా ఇదేమిటని నేను రెండు రోజులు అన్నం మానేశాను. జేజి నా వంతు అన్నం బర్రెకు పెట్టింది.

చిక్కేమిటంటే, ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. దోవలో మూడు రాళ్ళు కనపడితే నడిచేవాళ్ళు చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని చుట్టూ తిరిగి పోతారు. పిల్లలకు అ ఆలకంటే ముందు అది నేర్పుతారు. జేజి గూడు గుడి దోవలో కట్టింది, ఆదివారం జనం ఎక్కువని. జనమంతా, ఐగారితో సహా, దూరంగా జరిగి పోయారు. బండ్ల దోవలో కట్టింది. బండ్లవాళ్ళు ఎద్దులను పక్కకు తిప్పి తిప్పి అక్కడ కొత్త బాట పడింది. పదిహేను రోజులకు కన్ను ఇంకాస్త బయటికి వచ్చింది. అప్పుడు జేజి బాగా ఆలోచించి, మా సందు మలుపులో, గోడ మూల దగ్గర కట్టింది. మా ఇంటివాళ్ళు కాక ఆ మలుపులో నడిచే మనిషి ఊళ్ళో ఒక్కతే. పొద్దున్నే బావి నుంచి నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని వచ్చే చిన్న జేజి. రెండు బిందెలు మోసేవాళ్ళకు తమ కాళ్ళు తమకు కనపడవు. జేజి లెక్క అది.

మూడు రోజులు ఏమీ కాలేదు. నాలుగో పొద్దున జేజి వాకిలి తలుపు సందులోనుంచి చూస్తుండగా గూడు చెదిరిపోయింది. లోపలికి పరుగెత్తుకొచ్చి నన్ను లేపి, తన్నింది, ఇద్దరూ తన్న్యారు అని చెప్పింది. ఆమెకు చిన్న జేజి ఇద్దరుగా కనపడుతున్న రోజులవి. ఆ పూట మా ఇంట్లో ఓళిగలు చేశారు. పండగ కాదు, పబ్బం కాదు. మా అమ్మ ఎందుకని అడిగితే, తినేదానికి అని జేజి చెప్పింది.

వారం రోజులు ఆమె గోడ మీంచి చిన్న జేజి ముఖం తొంగి చూసింది. అక్కడ ఏ వాపూ లేదు. ఇక్కడ వాపు తగ్గలేదు. చివరికి నేనే ఓడిపోయి, నా మూడు పేజీల చదువు చాలదని మా నాయన ముందు ఒప్పుకుని, జేజిని కర్నూలుకు బస్సెక్కించాను.

కర్నూలు కొత్తగా రాజధాని అయిన కాలం. ఆఫీసులకు గదులు చాలక డేరాలు వేశారు. వాటిని చూసి జేజి జాతర ఎవరిది అని అడిగింది. కండ్ల డాక్టరు పెద్దమనిషి, నిదానస్తుడు. దీపం వేసి చాలాసేపు చూశాడు. కనుగుడ్డు పక్కన వేలితో మెల్లగా నొక్కాడు. తర్వాత కన్ను వదిలేసి మెడ తడిమాడు, దవడల కింద తడిమాడు, చంకలు తడిమాడు. ఇంక గజ్జలు కూడా చూడాలి, నర్సమ్మను పిలుస్తాను అన్నాడు.

"కంటికి వస్తే చంకలు పిసుకుతాండావేమప్పా?" అంది జేజి.

ఆయన నవ్వి, రెప్ప లోపలి నుంచి చిన్న ముక్క కోసి మద్రాసుకు పంపాడు. జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. మళ్ళీ వెళ్ళినప్పుడు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. కాలిలో ముల్లు గుచ్చుకుంటే గజ్జల్లో బిళ్ల కడుతుంది చూడండి, ఒంట్లో కాపలా కణాలు గుమిగూడే చోటు అది. అటువంటి కణాలు కంటి రెప్పల కింద, నీళ్ళు ఊరే గ్రంథి దగ్గర కూడా కొన్ని ఉంటాయి. వాటిలో ఒక రకం దారి తప్పి, చేయవలసిన పని మరచి, ఊరికే పెరుగుతూ పోతే అది లింఫోమా. తలారిని ఊరి కాపలాకు పెడితే వాడు మన ఇంట్లోనే కాపురం పెట్టి, సంతానాన్ని పెంచి, మనల్ని వీధిలోకి నెట్టినట్టు అన్నాడు. రెప్ప కింద ఆ గులాబి పొర, గుడ్డు వెనక గడ్డ, వాలిన రెప్ప, రెండేసి కనపడటం, అన్నీ దాని పనే. నొప్పి ఉండదు కాబట్టి జనం ఆలస్యం చేస్తారు అన్నాడు. నేను తల వంచుకున్నాను. చంకలూ మెడా చూసింది అది ఇంకెక్కడైనా ఉందేమోనని. ఇంకెక్కడా తగల్లేదు. మద్రాసులో కరెంటు పెడితే, అంటే మిషను కింద పడుకోబెట్టి ఎక్స్‌రే కిరణాలు పట్టిస్తే, ఈ గడ్డ కరుగుతుంది. పెట్టకపోతే కన్ను పోతుంది, ఆ తర్వాత ప్రాణానికే వస్తుంది.

జేజి అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ఇది మనిషిని చంపే రోగమేనా అని. వదిలేస్తే అవును అని డాక్టరు నిజం చెప్పాడు.  ఊళ్ళో బస్సు దిగాక, మద్రాసుకు పోను అని చెప్పింది.

పన్నెండు రోజులు పోరాడాం. కరెంటుకు భయపడుతోందనుకుని నేను ఆమెకు విద్యుత్తు పాఠం చెప్పాను. మా నాయన ఏడ్చాడు. ఐగారు వచ్చి ప్రార్థన చేసి, పెద్ద జబ్బులకు ప్రభువు డాక్టర్లనే వాడుకుంటాడని నచ్చజెప్పారు. జేజి ఆమేన్ అనేసి లోపలికి పోయింది. కన్ను మాత్రం ఆగలేదు. రెప్ప పూర్తిగా మూసుకోవడం లేదు, నిద్రలో కూడా తెల్లగుడ్డు కనపడుతోంది. ఒక పొద్దున పిడకలు చరుస్తున్న ఆమె ముందు నిలబడి, నీకు చావాలని అంత కోరికగా ఉంటే ఆ మాటే చెప్పు, నా సెలవులన్నీ ఎందుకు పాడు చేస్తావు అని అరిచాను. అంత మాట అన్నందుకు నాకే ఏడుపు వచ్చింది. అప్పుడు చెప్పింది.

"కురుపని ఇచ్చేస్తిమ్మా. నాలుగు దినాలు కన్ను వాస్తే దాని పొగరు దిగుతాదిలే అనుకొంటి. ఇది సంపే రోగమంటాండాడు ఆయప్ప. నాది పోయిందంటే దానికి పోయినట్లే గదా. నేనెట్ల పోగొట్టుకునేది?"

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఎనిమిదేళ్ళుగా ఎవరి కోడిపిల్లను గద్ద ఎత్తుకుపోతే మా జేజి సంబరపడిందో, ఆ మనిషికి జబ్బు అంటుకుంటుందని తాను నయం చేసుకోనంటోంది. ఇది అంటుజబ్బు కాదు, డాక్టరు చెప్పాడు అన్నాను. గూడు సంగతి డాక్టరుకు చెప్పావా అని అడిగింది. చెప్పలేదన్నాను. మరి ఆయనకెట్లా తెలుస్తుంది అంది. ఆ గూడు తన్నింది నేనే అని అబద్ధమాడాను. తాను కండ్లారా చూశానంది. పైగా నువ్వే తన్ని ఉంటే మద్రాసు పేరు కూడా ఎత్తేదాన్ని కాదంది. లాజిక్కులో మా జేజిని ఓడించేవాళ్ళు మా ట్రైనింగు స్కూల్లో ఒక్కరూ లేరు.

దిక్కు తోచక చిన్న జేజి ఇంటికి పోయాను. గుమ్మంలో కూర్చుని కొర్రలు చెరుగుతోంది. సిగ్గు విడిచి మొత్తం చెప్పాను. జేజి గూడు ఆమె కోసమే కట్టిందని, ఆమె కాలు తగిలిందని, ఇప్పుడు జేజి వైద్యానికి పోనంటోందని. ఆమె మొహంలో కోపం గానీ, వింత గానీ కనపడలేదు. చేట ఆపలేదు. ఓ, అట్లనా అంది. ఈమెకు పాపం తెలివి తక్కువ అనుకున్నాను. కాసేపటికి చేట పక్కన పెట్టి, మద్రాసులో ఆ మిషను ఒకరికే పెడతారా, ఎంతమందికైనా పెడతారా అని అడిగింది. ఎంతమందికైనా పెడతారన్నాను.

ఆమె లేచి గోడ దగ్గరికి వచ్చింది. అవతల జేజి బర్రెకు గడ్డి వేస్తోంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చిన్న జేజి మా బర్రెతోనే మాట్లాడింది, తన కోడిని వదిలేసి.

"మీ యమ్మకు చెప్పు. నేనూ మద్రాసుకు వస్తా. దాని కంట్లోనుంచి పోయి నా కంట్లోకి వచ్చిన దినమే అదే మిషను కింద నేనూ పండుకుంటా. ఇంగ దానికేమి అడ్డం?"

జేజి గడ్డి పరక చేత పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. వెతికినా అందులో ఆమెకు తప్పు దొరకలేదు. రమ్మను అని బర్రెతో చెప్పింది. బర్రె నెమరు వేస్తూనే ఉంది. మా నాయన బండి కట్టడానికి పరుగెత్తాడు.

గుంతకల్లులో రైలెక్కాం. బర్రె రైల్లోకి రాదు కాబట్టి ఆ ఉద్యోగం నాకు వచ్చింది. ఒకే బల్ల మీద అటొకరు ఇటొకరు కూర్చుని, కిటికీ మూయమని దానికి చెప్పు, నాకు గాలి కావాలని దానికి చెప్పు అని నా చెవులు తిన్నారు. ఎర్రగుంట్ల స్టేషను వచ్చినప్పుడు చిన్న జేజి కిటికీలోంచి తల బయట పెట్టి చూస్తూ ఉండిపోయింది. ఆమె పుట్టిల్లు ఆ పక్కనే, గండికోట దోవలో. అక్కడ ఇప్పుడెవరూ లేరు. జేజి నా వైపు వంగి, అది పొద్దున్నించీ ఏమీ తినలేదు, రొట్టె పెట్టు అని మెల్లగా చెప్పింది. పెట్టాను. కడప దాటేదాకా ఇద్దరూ రొట్టె నములుతూ కూర్చున్నారు. నాకు అంత విశ్రాంతి మళ్ళీ దొరకలేదు.

మద్రాసు ఆసుపత్రిలో డాక్టరు అరవాయన. కొంచెం తెలుగు వచ్చు. కరెంటు పెట్టే ముందు జేజి ఒక షరతు పెట్టింది. ముందు చిన్న జేజి కండ్లు చూడాలి, ఇప్పుడు ఎట్లున్నాయో తెలిస్తేనే కదా తర్వాత వచ్చింది కనిపెట్టేది అని. ఆ కారణం డాక్టరుకు నేను ఇంగ్లీషులో చెప్పలేకపోయాను. తెలుగులో అయినా చెప్పలేకపోయేదాన్ని. ఆయన మంచివాడు, చూశాడు. ఎడమ కంట్లో శుక్లం మొదలవుతోంది, ఇంకేమీ లేదు అన్నాడు. మొదలవుతోంది అన్న మాట వినగానే జేజి మంచం దిగి చెప్పులు వెతుక్కుంది. శుక్లం ఎవరి గూడు తన్నకపోయినా వస్తుందని ఒప్పించడానికి మాకు ఒక పూట పట్టింది.

కంట్లో మందు చుక్కలు వేసి, మొద్దుబారాక, గుడ్డును కాపాడటానికి రెప్పల లోపల సన్నటి సీసపు గిన్నెలాంటిది పెట్టేవారు. తర్వాత జేజిని గదిలో ఒంటరిగా పడుకోబెట్టి తలుపు వేసేవారు. కొన్ని నిమిషాలే. మొదటి రోజు బయటికి వచ్చి, ఏమీ కాలేదు, మోసం చేస్తాండారు అంది. అయిదో రోజుకు రెప్ప కొంచెం లేచింది. నా సెలవు అయిపోయింది. చిన్న జేజిని తోడుంచి నేను ఊరికి వచ్చేశాను. ఇద్దరినీ వదిలి రావడానికి భయమేసింది, ఎవరి ద్వారా మాట్లాడుకుంటారో అని.

మూడు వారాల తర్వాత వెళ్ళేసరికి నర్సమ్మ నన్ను వరండాలోనే పట్టుకుని, మీవాళ్ళిద్దరూ రోజంతా పోట్లాడుకుంటున్నారు, పక్క మంచాలవాళ్ళు ఫిర్యాదు చేస్తున్నారు అంది. లోపల జేజి మంచం మీద కూర్చుని ఉంది. కనుగుడ్డు తన చోటికి పోయింది. గులాబి పొర లేదు. చర్మం కొంచెం నల్లబడింది, కుడి రెప్పలకు ఒక్క వెంట్రుక కూడా మిగల్లేదు. నన్ను చూసి, ఒకతే కనపడతాండావు అంది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఆ గడ్డకు నేను రెండు నెలలు బోరిక్ నీళ్ళు పోసి పెంచాను కదా.

డాక్టరు ఇంటికి పోవచ్చన్నాడు. ఈ జబ్బు మెడలోనో కడుపులోనో మళ్ళీ కనపడవచ్చు, ఆరు నెలలకొకసారి చూపించండి, కరెంటు తగిలిన కంట్లో ఇంక నీళ్ళు ఊరవు, రోజూ చుక్కలు వేయండి అన్నాడు. నేను మూట కట్టాను. జేజి కదల్లేదు. తనది పోయింది, అంటే బయలుదేరింది, దారిలో ఉంది. చిన్న జేజికి చేరేదాకా మిషను దగ్గరే ఉండాలి. పది రోజులు చూసి పోదాం అంది. డాక్టరు మంచం ఇవ్వలేనన్నాడు. వరండాలో ఉంటామంది. ఉన్నాం. పొద్దున వెలుగు రాగానే చిన్న జేజిని మెట్ల మీద కూర్చోబెట్టి, కింది రెప్ప లాగి, పై రెప్ప ఎత్తి, అటు చూడు ఇటు చూడు అని సతాయించేది. ఆ చూడటంలో నా మూడు పేజీల పుస్తకంకంటే జేజి ఎంతో మేలు.

ఆరో రోజు నాకు ఓపిక పోయింది. బడి వాళ్ళు నన్ను తీసేస్తారని, ఏమీ లేనిదాని కోసం ఈ మెట్ల మీద ఎన్నాళ్ళు పడి ఉంటామని గట్టిగా అడిగాను.  జేజి, చిన్న జేజి రెప్ప మీది వేలు తీసి, ఆమె ముఖంలోకి చూసి చెప్పింది.

"నీకు తెలీకుండా నీ దోవలో పెడితినే. రెండు బిందెలెత్తుకొని వస్తాంటివి, కాలు కింద చూసుకోలేకపోతివి. నీది తప్పు ల్యాకుండా నీకు అంటగడితి."

చిన్న జేజి కొంగు సర్దుకుంది.

"తెలీకేమి? మూడు దినాలు దాటుకొని పోయినా. నువ్వు తలుపు సందులోనుంచి చూసేది కూడా చూసినా. నీ కన్ను దినానికింత బయటికి వస్తాండె. ఊర్లో ఎవరూ తన్నరని తెలుసు. నీకు కొడుకు, కోడలు, ఈ పిల్ల ఉండారు. నా కోసరం చూసేవాళ్ళు యాడ ఉండారు? నాకు ఒక కన్ను చాల్లే అనుకొని తన్నితి. ఆ పొద్దు మీ ఇంట్లోనుంచి ఓళిగల వాసన వచ్చె. బాగయినట్లుందే అని సంతోషపడితి."

 ఈమెకు తెలివి తక్కువ అనుకున్న నా మీద నాకు అసహ్యం వేసింది.  జేజి ఎడమ కంటి నుంచి నీళ్ళు ధారగా కారాయి. కుడి కన్ను పొడిగా, ఎర్రగా, రెప్ప కొట్టుకుంటూ ఉంది. చిన్న జేజి కొంగుతో రెండు కండ్లూ తుడిచింది.